ఒంటికి ఒదిగే పని

“ఇంట్ల కూసొని చేసే పని ఏమన్న ఉంటె చెప్పక్కా.”

కీళ్ల డాక్టరు గది బయట వంతు కోసం కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను ఈ మాట అడుగుతారు. బట్టల షాపులో పొద్దంతా నిలబడలేక మానేసిన అమ్మాయి అడుగుతుంది. డిగ్రీ అయి, బ్యాంకు పరీక్షలకు చదువుతుండగా నడుం బిగుసుకుపోయిన కుర్రాడు అడుగుతాడు. బీడీలు చుట్టీ చుట్టీ, ఇక వేళ్లు మడతపడక చాట పక్కన పెట్టేసిన తల్లి అడుగుతుంది. లోపలి నుంచి పిలుపు వచ్చేలోగా చెప్పగలిగింది కొంతే. మిగతాదంతా ఇక్కడ చెబుతాను.

నాకున్న జబ్బు రుమటాయిడ్ ఆర్థరైటిస్. కీళ్లవాతం అంటారు. వయసు మీదపడ్డాక మోకాళ్లు అరిగి వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే ఎదురుతిరిగి కీళ్ల లోపలి పొర మీద దాడి చేస్తుంది. పొర వాస్తుంది, కీలు బిగుస్తుంది. వైద్యం ఆలస్యమైతే ఎముక దెబ్బతిని వేళ్లు వంకరపోతాయి. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. చాలామందికి సంపాదించుకునే వయసులోనే మొదలవుతుంది.

హనుమకొండలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెబుతున్న రోజుల్లో నాకిది బయటపడింది. మొదట చాక్‌పీసు మీద పట్టు తప్పింది. తర్వాత మెట్లెక్కడం కష్టమైంది. ఆ తర్వాత దిద్దాల్సిన నోటుబుక్కుల కట్ట ఇంటికి మోసుకురావడం కూడా నా వల్ల కాలేదు. మందులు పడ్డాక నొప్పి చాలావరకు అదుపులోకి వచ్చింది గానీ, రేపు ఎలా ఉంటానో ఇవాళ చెప్పలేని స్థితి మాత్రం అలాగే ఉండిపోయింది. “రాలేకపోతే ఒకరోజు ముందు చెప్పండి టీచర్” అనేవారు స్కూల్లో. ముందు రోజు రాత్రి నాకే తెలియదు. మొదటి పీరియడ్ తప్పించి మధ్యాహ్నం క్లాసులివ్వమనీ, కింది అంతస్తులో సర్దమనీ రాసిచ్చాను. కుదరదన్నారు. ఆ విద్యా సంవత్సరం పూర్తిచేసి బయటికొచ్చాను.

ఇప్పుడు ఇంటి నుంచే పుస్తకాల ప్రూఫులు దిద్దుతున్నాను. వారానికోసారి అమెరికాలోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో పాఠం చెబుతున్నాను. ఈ దారిలో నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. జబ్బున్న మనిషి పని వెతుక్కునేటప్పుడు అది ఇంట్లో చేసేదా, బయట చేసేదా అన్నది తర్వాత చూడొచ్చు. ఆ పని వేళలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది ముందు చూడాలి.

ముందు ఒంటి లెక్క

పొద్దున లేవగానే కీళ్లు పట్టేసి ఉండడం ఈ జబ్బుకు పెద్ద గుర్తు. గంటకు పైగానే ఉంటుంది. నాకు చాలా రోజులు పదకొండు దాటితే గానీ వేళ్లు సడలవు. అంతవరకు పాలగిన్నె దించాలన్నా రెండు చేతులూ కావాలి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఒక విడత, సాయంత్రం ఆరు తర్వాత ఇంకో విడత, ఈ రెండే నేను నిక్కచ్చిగా పనిచేయగలిగే వేళలు.

వారానికీ ఒక లెక్క ఉంది. ఈ జబ్బుకు మొదటి వరుసలో వాడే మందు మెథోట్రెక్సేట్. దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజువారీ మాత్ర అనుకుని వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. వేసుకున్న మర్నాడు చాలామందికి వికారం, నీరసం ఉంటాయి. డాక్టరుతో మాట్లాడి నేను ఆదివారం రాత్రికి పెట్టుకున్నాను. అందుకే నా పని వారం మంగళవారం మొదలవుతుంది. సోమవారం ఏ గడువూ ఒప్పుకోను.

పని వెతకడానికి ముందు మీరు కూడా ఒక రెండు వారాలపాటు ఇలా లెక్క రాసుకోండి. లేచిన వేళ, ఒళ్లు సడలిన వేళ, ఎంతసేపు కూర్చోగలిగారు, ఏ పని తర్వాత నొప్పి పెరిగింది, మర్నాడు ఎలా ఉంది. చివరి గడి అన్నిటికంటే ముఖ్యం. చాలా జబ్బుల్లో ఇవాళ మితిమీరి చేసిన పనికి శిక్ష రేపో ఎల్లుండో పడుతుంది. మా ఊళ్లో ఎండాకాలం బోరు గంటసేపు పోస్తుంది, ఆపి నీళ్లు ఊరనిస్తే మళ్లీ గంట పోస్తుంది. ఊరనివ్వకుండా నడిపితే మోటారే కాలిపోతుంది. మా ఒంట్లో సత్తువ కూడా అచ్చం అంతే.

ఈ లెక్క చేతికొచ్చాక ఒక సూత్రం పెట్టుకోండి. మంచిరోజున ఎంత చేయగలరో చూసి, అందులో సగానికే మాటివ్వండి. మిగతా సగం చెడ్డరోజులకు, ఆస్పత్రి రోజులకు, ఇంట్లో అనుకోకుండా వచ్చిపడే పనులకు పోతుంది. మంచిరోజు లెక్కన మాటిస్తే చెడ్డరోజున మాట తప్పుతాం. రెండుసార్లు మాట తప్పితే పని ఇచ్చేవాళ్లు మూడోసారి పిలవరు.

ఇంటి పనులన్నీ ఒకటి కాదు

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటి పని అనగానే గుర్తొచ్చేది బీడీలు. తరాలుగా ఆడవాళ్లు ఇంటి అరుగు మీదే తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం కట్టి, వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకుంటున్నారు. గడప దాటక్కర్లేదు. కానీ వేళ్లు, మెడ, నడుం రోజంతా ఒకే వంపులో ఉంటాయి. పొగాకు పొడి ఊపిరిలోకి పోతుంది. కీళ్లవాతం ఉన్న మనిషికి ఇంతకంటే కష్టమైన పని ఉండదు. ఇల్లు దగ్గర ఉన్నంత మాత్రాన పని సుళువు కాదని చెప్పడానికి బీడీల పనిని మించిన రుజువు లేదు.

కస్టమర్ కేర్ ఉద్యోగాలను ఇప్పుడు ఇంటి నుంచీ ఇస్తున్నారు. లాగిన్ తొమ్మిదికంటే తొమ్మిదికే. మధ్యలో అరగంట పడుకుంటే ఆ సంగతి కంప్యూటరు రాసిపెడుతుంది. మైగ్రేన్ ఉన్నవాళ్లకు, లూపస్ జబ్బు వల్ల ఉన్నట్టుండి సత్తువ పడిపోయేవాళ్లకు అది ఆఫీసు కంటే తేలికేమీ కాదు. ప్రయాణం బాధ మాత్రం తప్పుతుంది. నిలకడగా ఉండే జబ్బు అయితే, అంటే నడక కష్టమైనా రోజూ ఒకేలా ఉండే ఒళ్లయితే, అదే ఉద్యోగం చక్కగా సరిపోతుంది. జీతం, పీఎఫ్ కూడా ఉంటాయి.

లూపస్ ఉన్న నా స్నేహితురాలొకామె ఇంటి నుంచి షాపుల లెక్కలు చూస్తుంది. జీఎస్‌టీ రిటర్నులకు తేదీలు రాతిలో చెక్కినట్టుంటాయి. నెలనెలా పదకొండో తేదీకి ఒకటి, ఇరవయ్యో తేదీకి ఇంకొకటి. ఆ రోజుల్లో ఒంట్లో బాగాలేదంటే షాపు వాళ్లకు జరిమానా పడుతుంది. ఆమె దానికో దారి కనిపెట్టింది. ఏడాదికి 5 కోట్ల రూపాయల దాకా టర్నోవరున్న వ్యాపారాలు క్యూఆర్ఎంపీ పద్ధతి ఎంచుకుంటే మూడు నెలలకోసారి రిటర్ను వేస్తే చాలు. మధ్య నెలల్లో పన్ను కట్టడం ఒక్కటే ఉంటుంది. అలాంటి చిన్న షాపులనే ఎక్కువగా తీసుకుంది. పైగా తనలాగే లెక్కలు చూసే ఇంకొకామెతో ఒప్పందం కుదుర్చుకుంది. ఒకరికి బాగాలేనప్పుడు ఇంకొకరు అందుకుంటారు.

ఎవరు ఏ పని గురించి అడిగినా నేను మూడు ప్రశ్నలు వేస్తాను. గడువు గంటల్లో ఉందా, రోజుల్లో ఉందా? మధ్యలో ఆపి, గంట పడుకుని, ఆపిన చోటు నుంచి మళ్లీ అందుకోవచ్చా? ఒకరోజు అసలు చేయలేకపోతే ఆ నష్టం ఎవరి మీద పడుతుంది? ఈ మూడింటికీ మంచి జవాబు దొరికితే, ఆ పని మంచం పక్కన చేసినా బజారులో చేసినా మనకు పనికొచ్చేదే.

నా బల్ల మీద పని

పుస్తకాల పనిలో లెక్క ఫారాల్లో సాగుతుంది. డెమ్మీ సైజు పుస్తకంలో ఒక ఫారం అంటే పదహారు పేజీలు. డబ్బు పేజీకింత అనో, ఫారానికింత అనో ఇస్తారు. నాకు పని పెట్టేది ఎక్కువగా రెండు రకాల పుస్తకాలు. ఒకటి, అను ఫాంట్లలో కంపోజు చేసిన పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చినవి. మార్పులో వత్తులు పక్క అక్షరాన్ని పట్టుకు వేలాడతాయి, కొన్ని గుణింతాలు మాయమవుతాయి. రెండోది, పాత పుస్తకాన్ని స్కాన్ చేసి ఓసీఆర్‌తో అక్షరాలుగా మార్చినవి. ‘థ’లో చుక్క అచ్చులో అరిగిపోయి ఉంటే యంత్రం దాన్ని ‘ధ’ అని చదువుతుంది. అలా పుస్తకం పొడుగునా కథలన్నీ ‘కధ’లవుతాయి. ‘మ’, ‘య’ చోట్లు మార్చుకుంటాయి. పేజీ చివర విరిగిన మాట తర్వాతి పేజీలో రెండు ముక్కలుగా తేలుతుంది.

ఈ పనిని నేను రోజును బట్టి రెండుగా విడదీశాను. ఒళ్లు బాగాలేని రోజున చెవితో దిద్దుతాను. మంచం మీద పడుకుని, ఫోను చేత పాఠం పైకి చదివించుకుంటూ, పక్కన స్టాండులో మూల ప్రతి చూస్తాను. జారిపోయిన మాట, రెండుసార్లు వచ్చిన వాక్యం చెవికి వెంటనే తగులుతాయి. తగిలిన చోట ఆపి, పేజీ నంబరు, వరస నంబరు నోటితో చెబుతాను. 2017లో గూగుల్ తెలుగులో మాటను అక్షరంగా మార్చే సదుపాయం తెచ్చింది. వేళ్లు బిగిసిన రోజుల్లో నాకు అదే కలం. ఒళ్లు బాగున్న రోజున కంటితో దిద్దుతాను. కథకూ కధకూ తేడా చెవికి తెలియదు, కన్నే పట్టాలి. ఇలా విడదీశాక చెడ్డరోజు పూర్తిగా వృథా పోవడం తగ్గింది.

వస్తువులు పెద్ద ఖరీదైనవేమీ కాదు. మణికట్టు మెలిపడకుండా నిలువుగా పట్టుకునే మౌసు, లాప్‌టాప్‌ను కంటి ఎత్తుకు లేపే స్టాండు, లావుపాటి పట్టున్న పెన్ను. అరగంటకోసారి మోగే అలారం. అది మోగితే వాక్యం మధ్యలోనైనా లేస్తాను.

ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఒక్క పైసా ఖర్చులేని బడి ఉంది. తెలుగు వికీసోర్స్. హక్కుల గడువు తీరిన పాత పుస్తకాలను అక్కడ ఒక పక్క స్కాన్ బొమ్మ, ఇంకో పక్క ఓసీఆర్ అక్షరాలు పెట్టి ఎవరైనా దిద్దవచ్చు. దిద్దని పుట ఎర్రగా, ఒకరు దిద్దినది పసుపుగా, రెండోవారు సరిచూసింది ఆకుపచ్చగా కనిపిస్తుంది. గడువు లేదు, అడిగేవారు లేరు. డబ్బులు రావు. కానీ నాలుగు నెలలు దిద్దితే చెయ్యి కుదురుతుంది, మీ ఒళ్లు రోజుకు ఎన్ని పేజీలు మోయగలదో తెలుస్తుంది, ప్రచురణకర్తకు చూపించుకోవడానికి నమూనా మిగులుతుంది.

ఆన్‌లైన్ పాఠం సంగతి వేరు. దానికి వేళ తప్పదు. అయితే వేళ నాకు కలిసొచ్చింది. డల్లాస్‌లో శనివారం పొద్దున తొమ్మిదంటే అక్కడి ఎండాకాలంలో మనకు సాయంత్రం ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. నాకు వేళ్లూ గొంతూ బాగా సహకరించే సమయం అదే. అక్కడి సాయంత్రం క్లాసు పెట్టమంటే ఇక్కడ తెల్లారుతుంది, నా వల్ల కాదు. పిల్లల తల్లిదండ్రులతో ముందే అనుకున్నాం. చెప్పలేని వారం ముందుగా రికార్డు చేసి ఉంచిన కథ పంపుతాను, ఆ పాఠం తర్వాతి వారం పూర్తిచేస్తాను. అలాంటి కథలు కొన్ని ఒళ్లు బాగున్నప్పుడే చెప్పి దాచుకుంటాను.

ఏడాదికీ ఒక ఒరవడి ఉంటుంది. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. అందరికీ ఆ లోపు పుస్తకం బయటికి రావాలి. సరిగ్గా అప్పుడే చలి, నా కీళ్లు మొరాయించే కాలం. అందుకే వినాయక చవితి దాటగానే తెలిసిన ప్రచురణకర్తలందరికీ రాస్తాను, నవంబరు చివరికల్లా నాకివ్వాల్సినవి ఇచ్చేయమని. ఎక్కువమంది వింటారు.

సబ్‌టైటిళ్లు, అనువాదం, రికార్డు విని వినికిడి ప్రతులు రాయడం, కృత్రిమ మేధకు తెలుగు నేర్పే సంస్థల కోసం వాక్యాలు సరిచూడడం, ఇవన్నీ ఇంటి నుంచి దొరుకుతున్న పనులే. వినికిడి ప్రతులకు టైపింగు ఎక్కువ, చేతుల జబ్బున్నవాళ్లు ఆలోచించుకోవాలి. వాక్యాలు సరిచూసే పని ఒక నెల ముంచెత్తుతుంది, మరో నెల ఆగిపోతుంది. దాని మీదే ఇల్లు గడపాలని పెట్టుకోకండి. ఒకే చోటు నుంచి వచ్చే పని కన్నా రెండు మూడు చోట్ల నుంచి కొంచెం కొంచెం వచ్చే పని మేలు.

మాట ముందే అనుకోవాలి

“టీచర్, రెండు ఫారాలే. రేపు పొద్దుగాల వరకు అయితదా?”

“రేపు కాదు సార్. గురువారం సాయంత్రం వరకు పంపుత. ముందే అయితే ముందే పంపుత.”

మా ప్రచురణకర్త ఒకాయనకూ నాకూ ఈ సంభాషణ ఎన్నోసార్లు జరిగింది. ఆయన గురువారానికి ఒప్పుకుంటాడు, నేను బుధవారం పంపుతాను. గడువు అడగడంలో నామోషీ లేదు. చెప్పిన రోజుకు పని చేతికి వస్తుందన్న నమ్మకానికి ఇచ్చే విలువ తొందరకు ఎవరూ ఇవ్వరు.

జబ్బు సంగతి చెప్పాలా వద్దా అని అందరూ అడుగుతారు. నా పద్ధతి చెబుతాను. జబ్బు పేరు, మందుల జాబితా చెప్పను. పనికి సంబంధించినది మాత్రం దాచను. “మధ్యాహ్నం పన్నెండు తర్వాతే ఫోను ఎత్తగలను, సోమవారం పని చేయను, ఫారం ఫారంగా పంపుతాను” అని మొదటి రోజే రాసి పంపుతాను. ఫారం ఫారంగా పంపడంలో ఇద్దరికీ లాభముంది. నాకు మధ్యలో బాగాలేకపోయినా అప్పటికి పంపింది వాళ్ల చేతిలో ఉంటుంది, అప్పటిదాకా చేసిన పనికి డబ్బు అడగడానికి నాకూ వీలుంటుంది.

డబ్బు ఆలస్యం చేసేవాళ్ల కోసం చట్టమే ఒక ఆయుధం ఇచ్చింది. ఆధార్, పాన్ ఉంటే చాలు, 2020 జులై నుంచి ఉద్యమ్ పోర్టల్లో ఉచితంగా సూక్ష్మ పరిశ్రమగా నమోదు కావచ్చు. ఇంటి నుంచి సేవలందించే ఒక్క మనిషి కూడా ఇందులోకి వస్తారు. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం అలా నమోదైనవారికి కొనుగోలుదారు 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదుకు ప్రభుత్వ పోర్టల్ ఉంది. బిల్లు కింద నమోదు సంఖ్య వేసి “45 రోజుల లోపు చెల్లించగలరు” అని ఒక వరస రాస్తే చాలు, చాలాచోట్ల ఫిర్యాదు దాకా వెళ్లే అవసరం రాదు.

గాలం వేసేవాళ్లు

కదల్లేక, అప్పులై, మందులకు డబ్బు లేక ఉన్న మనిషిని మోసం చేయడం సులువని కొందరికి బాగా తెలుసు. డేటా ఎంట్రీ మోసం ఇలా నడుస్తుంది. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకుంటారు. ఒప్పందం మీద సంతకం తీసుకుంటారు. ఎవరివల్లా కాని గడువులో వందల పేజీలు టైపు చేయమంటారు. చివర్లో “తప్పులు ఎక్కువున్నాయి, ఒప్పందం ఉల్లంఘించారు, నష్టపరిహారం కట్టండి” అంటూ లాయరు పేరుతో నోటీసు పంపి బెదిరిస్తారు. టెలిగ్రామ్ మోసం ఇంకో రకం. వీడియోలకు లైకులు కొట్టమని మొదట కొద్దిపాటి డబ్బు వేస్తారు, నమ్మకం కుదిరాక పెద్ద టాస్కులంటూ మన చేతే డబ్బు కట్టించుకుని మాయమవుతారు.

పని ఇచ్చేవాడు మనకు డబ్బివ్వాలి. మనల్ని డబ్బడిగిన చోట పని లేదు, అంతే. డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదుకున్న 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే బ్యాంకులు ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. బెదిరింపు నోటీసు చూసి భయపడి కట్టకండి. దాన్ని కూడా ఫిర్యాదుతో పాటు పోలీసులకివ్వండి.

చట్టంలో మన చోటు

1995 నాటి చట్టంలో వైకల్యాలు ఏడే. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, హీమోఫిలియా, తలసీమియా, సికిల్ సెల్ అందులో పేరుతో సహా ఉన్నాయి. కీళ్లవాతం, లూపస్ పేర్లు లేవు. కాకపోతే వాటివల్ల చేతులు, కాళ్లు, నడుం కదలిక దెబ్బతింటే ఆ మేరకు చలన వైకల్యం కింద కొలుస్తారు. నీరసాన్ని, మారిపోయే రోజులను కొలిచే గడి ఆ వైకల్య ధ్రువపత్రంలో లేదు. జబ్బు కనిపించనివాళ్లకు ఇదే పెద్ద అన్యాయం.

వైకల్యం 40 శాతం వస్తే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది. మిగతా అర్హతలు ఉంటే పింఛనూ వస్తుంది. తెలంగాణలో ఆ పింఛను 2023 జులైలో నెలకు 4,016 రూపాయలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 6,000 ఇస్తున్నారు. యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసేటప్పుడు ఎక్స్‌రేలు, పాత చీటీలు తేదీల వరసలో పెట్టుకుని వెళ్లండి. డాక్టరు “ఎలా ఉంది” అంటే “బాగానే ఉంది” అనే మన అలవాటు ఆ ఒక్కరోజు మానుకోండి. గిన్నె దించలేకపోతే దించలేనని, గుండీ పెట్టుకోలేకపోతే పెట్టుకోలేనని చెప్పండి.

40 శాతం రాకపోతే ఏ హక్కూ లేదనుకుంటారు చాలామంది. సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న ఇచ్చిన తీర్పు ఆ అపోహను తీర్చింది. వికాశ్ కుమార్ అనే అభ్యర్థికి రాయబోతే చెయ్యి మెలిపెట్టే నాడీ సమస్య ఉంది. సివిల్ సర్వీసెస్ పరీక్షకు లేఖకుణ్ని అడిగితే 40 శాతం లేదని యూపీఎస్సీ కాదంది. సముచితమైన సర్దుబాటు పొందే హక్కుకు 40 శాతం హద్దు లేదని కోర్టు తేల్చింది. ఈ తీర్పు తెలిస్తే ఉద్యోగంలో ఉన్నవాళ్లు ధైర్యంగా అడగగలరు. పనివేళలు మార్చడం, వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి చేయనివ్వడం, కింది అంతస్తుకు మార్చడం అన్నీ సర్దుబాట్లే. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ వికలాంగులకు ఏ సదుపాయాలిస్తుందో చెబుతూ సమాన అవకాశాల విధానం ప్రకటించాలని నిబంధన ఉంది. ప్రభుత్వ ఉద్యోగి అయితే, ఉద్యోగంలో ఉండగా వచ్చిన వైకల్యం పేరుతో తీసేయడానికీ స్థాయి తగ్గించడానికీ వీల్లేదని 2016 చట్టం 20వ సెక్షన్ చెబుతోంది.

అందుకే జబ్బు బయటపడగానే రాజీనామా రాయకండి. ముందు సర్దుబాటు కోసం లిఖితపూర్వకంగా అడగండి. ఉద్యోగంతో వచ్చే ఆరోగ్య బీమా పోతే, సొంతంగా తీసుకునే కొత్త పాలసీలో పాత జబ్బుకు మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండవచ్చు. ఆ మూడేళ్ల మందుల ఖర్చు లెక్కేసుకున్నాకే నిర్ణయం తీసుకోండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట

“ఇంట్లనే ఉంటవు గదా” అన్న మాట నాలాంటివాళ్లు వినని రోజు ఉండదు. సిలిండర్ వస్తుంది, చుట్టం వస్తాడు, పక్కింటివాళ్ల పార్శిలు వస్తుంది, అన్నిటికీ ఇంట్లో ఉన్న మనిషే లేవాలి. ఒంట్లో ఉన్న సత్తువ ఒక్కటే. కూర తరిగినా అందులోంచే పోతుంది, ప్రూఫు దిద్దినా అందులోంచే పోతుంది. మా ఇంట్లో మాట్లాడుకుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. పొద్దుటి వంట మావారిది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా నా గది తలుపు మూసి ఉంటుంది. మా అత్తమ్మ మొదట నొచ్చుకున్నారు. ఇప్పుడు ఎవరైనా వస్తే “కోడలు పని మీదున్నది, మూడు దాటినంక రాండ్రి” అని ఆవిడే చెబుతారు. ఆ మూడు గంటలు ఇంటి మద్దతుతో దొరికినవి. నా సంపాదనలో సగం పుణ్యం వాళ్లదే.

పని ఇచ్చేవాళ్లకు

2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు, అంతకుముందు కుదరదన్న ఆఫీసులు వారాల వ్యవధిలో పనిని ఇళ్లకు పంపాయి. బడులు ఫోన్లలో నడిచాయి. కోర్టులు తెర మీద వాదనలు విన్నాయి. మేం ఏళ్ల తరబడి అడిగితే కానిది అందరికీ అవసరమయ్యేసరికి అయింది. అది చేయగలిగిన పనేనని దేశమంతా చూసింది. మళ్లీ కుదరదనడానికి ఇప్పుడు కారణం లేదు.

ఇంటి దగ్గర పనిచేసేవాళ్లను మిగతా కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడిక చేసింది. భారతదేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. ఆమోదించాలి. వైకల్యం కొలిచేటప్పుడు నీరసాన్నీ, మారే రోజులనూ లెక్కలోకి తీసుకునే పద్ధతి రావాలి. ఇవి ప్రభుత్వాలు చేయాల్సినవి, వాటికి టైము పడుతుంది.

మీరు చేయగలిగినవి మాత్రం ఈ వారమే మొదలుపెట్టవచ్చు. మీది ప్రచురణ సంస్థ కావచ్చు, బడి కావచ్చు, నలుగురు పనిచేసే చిన్న ఆఫీసు కావచ్చు. మీ దగ్గర ఏ పని గంటలో కాకుండా మూడు రోజుల్లో అయినా నష్టం లేదో ఒకసారి చూడండి. ఆ పని జబ్బుతో ఇంట్లో ఉన్న ఒక మనిషికి ఇవ్వండి. గడువు రోజుల్లో చెప్పండి, పనిని పనిగానే చూసి దిద్దండి, అనుకున్న తేదీకి డబ్బు వేయండి. మాకు కావాల్సింది అంతే. మిగతాది మేం చేసి చూపిస్తాం.